నేల హీటింగ్ పైపుల మీద పోసే స్క్రీడ్‌లు: ఏది ఎక్కడ పనికొస్తుంది

నేల కింద వేడినీటి పైపులు పరిచి గదిని వెచ్చబరిచే ఏర్పాటు చేయించుకునేవారు బాయిలర్ గురించి, హీట్ పంప్ గురించి, పైపు నాణ్యత గురించి ఎంతో విచారిస్తారు గానీ, ఆ పైపులను కప్పే స్క్రీడ్, అంటే పైపుల మీద పోసి గట్టిపడనిచ్చే పొర, విషయాన్ని మాత్రం చాలామంది మేస్త్రికే వదిలేస్తారు. బాయిలర్ పాడైతే మార్చుకోవచ్చు, థర్మోస్టాట్‌ను ఒక పూటలో విప్పి మరొకటి బిగించుకోవచ్చు. పైపుల చుట్టూ గట్టిపడిన స్క్రీడ్‌ను తీయాలంటే మాత్రం పైపులనూ, కింది ఇన్సులేషన్‌నూ, పైన అతికించిన టైల్స్‌నూ కలిపి పగలగొట్టాల్సిందే. మార్కెట్‌లో దొరికే వాటిలో నాలుగు రకాలు ఈ పనికి నిజంగా పోటీపడతాయి: ఇసుక-సిమెంట్ స్క్రీడ్, అన్‌హైడ్రైట్ అని పిలిచే కాల్షియం సల్ఫేట్ ద్రవ స్క్రీడ్, సిమెంట్ ఆధారిత ద్రవ స్క్రీడ్, త్వరగా ఆరే ప్రత్యేక మిశ్రమాలు. పలకలుగా పరిచే పొడి స్క్రీడ్ చోటు వేరు కనుక దాని గురించి క్లుప్తంగానే చెబుతాను.

అమ్మకందారుల కరపత్రాల్లో మొట్టమొదట కనిపించేది ఉష్ణవాహకత. ఇసుక-సిమెంట్ స్క్రీడ్‌కు అది మీటరుకు, డిగ్రీకి సుమారు 1.2 వాట్లు ఉంటుంది. మంచి అన్‌హైడ్రైట్‌కు 1.8 అనీ, కొన్నింటికి 2 దాటుతుందనీ రాస్తారు. సగానికి సగం మెరుగన్న మాట వినడానికి బాగానే ఉంటుంది గానీ లెక్క వేసి చూస్తే సంగతి తేలుతుంది. పైపు మీద 30 మిల్లీమీటర్ల మందం ఉందనీ, చదరపు మీటరుకు 60 వాట్ల వేడి పైకి రావాలనీ అనుకుందాం. ఆ మందాన్ని దాటడానికి సిమెంట్ స్క్రీడ్‌లో 1.5 డిగ్రీల తేడా కావాలి, అన్‌హైడ్రైట్‌లో 1 డిగ్రీ చాలు. లాభం అర డిగ్రీ. అదే నేల మీద 14 మిల్లీమీటర్ల చెక్క పలకలు వేస్తే, వాటిని దాటడానికే 6 డిగ్రీల తేడా కావాల్సి వస్తుంది. సిరామిక్ టైల్స్‌కు అర డిగ్రీ పైచిలుకు సరిపోతుంది. వేడి పైపు నుంచి పక్కలకు కూడా పాకుతుంది కాబట్టి అసలు లెక్క ఇంత సూటిగా నడవదు, అయినా ఏది పెద్దదో ఏది చిన్నదో తెలుసుకోవడానికి ఇది చాలు. పైన దళసరి చెక్కా, తివాచీ వేయాలని నిర్ణయించుకుని, కింద స్క్రీడ్ ఉష్ణవాహకత కోసం రెండు కంపెనీల కాగితాలను పక్కపక్కన పెట్టుకుని వాదించుకోవడం వృథా శ్రమ. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1264 నేల మీద పరిచే పై పొర ఉష్ణ నిరోధం 0.15 (చదరపు మీటరు-డిగ్రీ/వాట్) మించకూడదని హద్దు పెట్టింది కూడా ఇందుకే.

వేడికి అసలైన అడ్డు గాలి. కదలని గాలి ఉష్ణవాహకత 0.025 వాట్ల దగ్గర ఉంటుంది; ఆ లెక్కన ఒక్క మిల్లీమీటరు గాలి పొర దాదాపు 48 మిల్లీమీటర్ల సిమెంట్ స్క్రీడ్‌తో సమానంగా వేడిని అడ్డుకుంటుంది. కాబట్టి స్క్రీడ్‌ను ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఈ పదార్థం పైపు చుట్టూ, ముఖ్యంగా పైపు కింది వంపులో, ఖాళీ లేకుండా కూర్చుంటుందా?

ఇసుక-సిమెంట్ స్క్రీడ్ విషయంలో దీనికి జవాబు పూర్తిగా పనివాడి చేతిలో ఉంటుంది. ఒక పాలు సిమెంటుకు మూడు నుంచి నాలుగున్నర పాళ్ల ఇసుక వేసి, పిడికిట్లో బిగిస్తే ముద్ద కట్టేంత తడితో మాత్రమే కలుపుతారు. అది దానంతటది పారదు, పైపు కిందికి వెళ్లదు. పరిచి, దిమ్మిసతో కొట్టి, మట్టపు బద్దతో గీసి, తాపీతో నునుపు చేయాలి. మందం ఎక్కువైనప్పుడు ఒకేసారి పోసి పైపైన కొడితే, పై పొర రాయిలా గట్టిపడుతుంది గానీ కింద, పైపుల మధ్య, చేత్తో రాలిపోయే ఇసుక మిగులుతుంది. పైనుంచి చూస్తే రెండింటికీ తేడా కనపడదు. దీన్ని పట్టుకోవడానికి బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ రూపొందించిన పరీక్ష ఒకటి వాడుకలో ఉంది: 4 కిలోల బరువును మీటరు ఎత్తు నుంచి ఒకే చోట నాలుగుసార్లు జారవిడిచి, పడిన గుంట లోతు కొలుస్తారు. భారీ వాడకం ఉండే నేలకు 3 మిల్లీమీటర్లు, మామూలు నేలలకు 4 లేదా 5 మిల్లీమీటర్లు దాటకూడదు. హీటింగ్ పైపులున్న నేల మీద ఈ పరీక్ష ఎక్కడ చేయవచ్చో ముందే గుర్తు పెట్టించుకోవాలి, లేకపోతే పరీక్షే పైపు మీద దెబ్బ అవుతుంది.

ఇన్ని చిక్కులున్నా ఇసుక-సిమెంట్‌ను తోసిపుచ్చలేం. స్నానాల గదిలో, వంటింట్లో, వాననీరు లోపలికి కొట్టే వరండాలో నీళ్లకు భయపడని స్క్రీడ్ ఇది. నీరు పారడానికి వాలు కావాలంటే చేత్తో వాలు తీయగలిగేదీ ఇదే. ద్రవ స్క్రీడ్‌లు స్వభావరీత్యా మట్టం వెతుక్కుంటాయి గనుక వాటితో వాలు రాదు. టైల్స్ అతికించే సిమెంట్ జిగురుతో దీనికి ఏ పేచీ లేదు. మిశ్రమంలో పాలీప్రొపిలీన్ పీచు కలిపితే తొలి గంటల్లో వచ్చే సన్నటి నెర్రెలు తగ్గుతాయి, అయితే ఆ పీచు వల్ల మందం తగ్గించుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మవద్దు.

అసలు లోపం మందంలోనూ, ఆరడంలోనూ ఉంది. ఇన్సులేషన్ మీద తేలే ఇసుక-సిమెంట్ స్క్రీడ్ ఇళ్లలో 65 మిల్లీమీటర్లకూ, బరువు ఎక్కువ పడే భవనాల్లో 75 మిల్లీమీటర్లకూ తగ్గకూడదని బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 8204 చెబుతుంది. 65 మిల్లీమీటర్లంటే చదరపు మీటరుకు సుమారు 130 కిలోల బరువు. పై అంతస్తు స్లాబు ఈ బరువును మోయగలదో లేదో ఇంజినీరు చెప్పాలి, స్క్రీడ్ అమ్మేవారు కాదు. ఇక ఆరడం: మొదటి వారం పాలిథిన్ కప్పి క్యూరింగ్ చేశాక, మొదటి 50 మిల్లీమీటర్లకు రోజుకో మిల్లీమీటరు చొప్పున, ఆపై ప్రతి మిల్లీమీటరుకు రెండు రోజుల చొప్పున లెక్కిస్తారు. ఆ ప్రకారం 65 మిల్లీమీటర్లకు 80 రోజులు, అదీ గాలి ఆడుతూ, తేమ తక్కువగా ఉన్నప్పుడు. ఈ కాలంలో పై భాగం ముందు ఆరి కుంచించుకుపోవడంతో అంచులూ మూలలూ పైకి లేచే అవకాశం కూడా ఉంది.

అన్‌హైడ్రైట్ ఈ లోపాల్లో సగానికి పైగా తీరుస్తుంది. పంపు ద్వారా పోస్తే మజ్జిగలా పారి పైపును అన్ని వైపుల నుంచీ కౌగిలించుకుంటుంది. పోసినవాడు చేయాల్సిందల్లా బద్దతో రెండు దిశల్లో తట్టి గాలిబుడగలు పోగొట్టడమే. నేల హీటింగ్ విషయంలో దీనికి నేను మొదటి స్థానం ఇవ్వడానికి కారణం కరపత్రంలోని ఉష్ణవాహకత కాదు, పనివాడి నైపుణ్యం మీద ఆధారపడకుండా పైపును పూర్తిగా కప్పగల ఈ గుణం. గట్టిపడేటప్పుడు చాలా తక్కువగా కుంచించుకుపోతుంది కాబట్టి అంచులు లేవవు, పెద్ద గదుల్లో కూడా పగుళ్లు అరుదు. పైపు మీద 30 మిల్లీమీటర్లు ఉంచాలన్నది సాధారణ నియమం. 16 మిల్లీమీటర్ల పైపు, దాన్ని పట్టుకునే క్లిప్పు కలుపుకుంటే మొత్తం 50 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. బరువు చదరపు మీటరుకు 105 కిలోలకు దిగుతుంది.

మందం తగ్గడం వల్ల వేడెక్కే వేగమూ మారుతుంది. పైపులు చదరపు మీటరుకు 60 వాట్లు ఇస్తున్నాయనీ, ఆ వేడి ఎటూ పోకుండా స్క్రీడ్‌లోనే నిలుస్తోందనీ అనుకుంటే, 65 మిల్లీమీటర్ల సిమెంట్ స్క్రీడ్ ఒక్క డిగ్రీ పెరగడానికి సుమారు 36 నిమిషాలు, 50 మిల్లీమీటర్ల అన్‌హైడ్రైట్‌కు 29 నిమిషాలు పడుతుంది. ఐదు డిగ్రీలకు మూడు గంటలు ఒకవైపు, దాదాపు రెండున్నర గంటలు మరొకవైపు. అన్‌హైడ్రైట్ వేస్తే గది నిమిషాల్లో వేడెక్కుతుందన్న ప్రచారం ఈ లెక్క ముందు నిలవదు. ఇల్లంతా రోజంతా తక్కువ ఉష్ణోగ్రత నీటితో నెమ్మదిగా వేడి చేసే హీట్ పంప్ ఉన్నవారికి ఈ అరగంట తేడా లెక్కలోకే రాదు. సాయంత్రం కాసేపు మాత్రమే వాడుకునే గదికి, నిజం చెప్పాలంటే, ఏ తడి స్క్రీడూ సరైన జవాబు కాదు.

అన్‌హైడ్రైట్‌తో తలనొప్పులు పోయడానికి ముందూ, పోసిన తర్వాతా వస్తాయి. ద్రవం కాబట్టి చిన్న సందు దొరికినా జారుకుంటుంది. ఇన్సులేషన్ మీద పరిచే పొరను తొట్టిలా అతుకులు మూసి, గోడల వెంట పైకి మడిచి ఉంచకపోతే స్క్రీడ్ ఇన్సులేషన్ కిందికి పోయి పలకలను పైకి లేపుతుంది. పైపులు కూడా తేలతాయి. అందుకే వాటిని దగ్గర దగ్గరగా క్లిప్పులతో బిగించి, నీటితో నింపి, ఒత్తిడిలో ఉంచాకే పోయాలి. ఒత్తిడి 4 నుంచి 6 బార్ల మధ్య ఉంచి, పోస్తున్నంతసేపూ గేజి మీద కన్నేసి ఉండడం ఏ రకం స్క్రీడ్‌కైనా వర్తించే నియమమే.

పోసిన తర్వాత పైన తెల్లటి పలచని పొర తేలుతుంది. మేస్త్రిలు సిమెంటు పాలు అన్నట్టే దీన్నీ పాలు అంటారు. చాలా ఉత్పత్తులకు దీన్ని కొద్ది రోజుల్లోనే యంత్రంతో గీకి తీసేయాలి, తీయకపోతే పైన అతికించినవన్నీ ఆ బలహీనమైన పొరతో పాటే ఊడి వస్తాయి. అంతకన్నా పెద్ద సంగతి టైల్స్ జిగురు. మామూలు సిమెంట్ జిగురును అన్‌హైడ్రైట్ మీద నేరుగా రాస్తే, సిమెంటులోని అల్యూమినేట్లు, స్క్రీడ్‌లోని సల్ఫేట్, తేమ కలిసి ఎట్రింగైట్ అనే స్ఫటికాలు తయారవుతాయి. అవి పెరిగే కొద్దీ జిగురును కింది నుంచి తోసి, టైల్స్ వదులైపోతాయి, తట్టి చూస్తే బోలు శబ్దం వస్తుంది. తగిన ప్రైమర్ పూసి సీల్ చేయడం గానీ, జిప్సం ఆధారిత జిగురు వాడడం గానీ తప్పనిసరి. ఈ పని స్క్రీడ్ వేసేవారిదా, టైల్స్ వేసేవారిదా అన్నది ముందే కాగితం మీద రాసుకోకపోతే ఇద్దరూ అవతలివారిదే అంటారు. ఎప్పుడూ తడిసే స్నానాల గదుల్లో దీన్ని వేయకపోవడమే మంచిది. వాటర్‌ప్రూఫింగ్ మీద ఎంత నమ్మకమున్నా, నీటికి మెత్తబడే పదార్థాన్ని నీళ్ల కింద పెట్టడంలో నాకు తర్కం కనిపించదు.

సిమెంట్ ఆధారిత ద్రవ స్క్రీడ్ పైన చెప్పిన రెండింటి మధ్య రాజీ. పైపును బాగానే కప్పుతుంది, తడికి తట్టుకుంటుంది, జిగురుతో గొడవ ఉండదు. అయితే సిమెంటు సిమెంటే: కుంచించుకుపోవడం అన్‌హైడ్రైట్ కన్నా ఎక్కువ, కాబట్టి పోసిన వెంటనే క్యూరింగ్ ద్రావణం పిచికారీ చేయాలి, పెద్ద గదులను భాగాలుగా విడగొట్టాలి. వంటిల్లూ హాలూ కలిసి ఉండి, ఒకే మట్టంలో ఒకే పదార్థం కావాలనుకునే ఇళ్లకు ఇదే నా సూచన. ఇందులో ఉత్పత్తికీ ఉత్పత్తికీ తేడా చాలా ఉంటుంది. కనీస మందం ఎంతో సాంకేతిక పత్రంలో చూడకుండా ఒప్పుకోకూడదు.

త్వరగా ఆరే మిశ్రమాల దగ్గర కొనేవారు ఎక్కువగా మోసపోతారన్నది నా అభిప్రాయం. ఇవి రెండు తెగలు. మొదటి తెగలో బైండరే, అంటే మిశ్రమాన్ని పట్టి ఉంచే పదార్థమే, వేరు: కాల్షియం అల్యూమినేట్ లేదా సల్ఫోఅల్యూమినేట్ సిమెంట్ కలిపిన మిశ్రమం నీటిని ఆవిరిగా వదలడానికి బదులు స్ఫటికాల్లో బంధించేసుకుంటుంది. టైల్స్ కింద శత్రువైన ఎట్రింగైటే ఇక్కడ మిత్రుడు కావడం విచిత్రమే, అయితే ఇక్కడ అది గట్టిపడకముందే, ఉద్దేశపూర్వకంగా పుడుతుంది. రెండో తెగలో మామూలు ఇసుక-సిమెంట్‌లోనే సీసా ద్రావణం పోసి నీటి అవసరాన్ని తగ్గిస్తారు. ఈ ద్రావణం పనిచేయదని అనను. కానీ దాని ఫలితమంతా నీటి కొలత మీద నిలబడి ఉంటుంది. మిశ్రమం గట్టిగా ఉందని పనివాడు మరో బకెట్ నీళ్లు గుమ్మరించిన క్షణంలో, కరపత్రంలో రాసిన రోజుల లెక్క చెల్లదు. సంచిలో సిద్ధంగా వచ్చే మొదటి తెగ మిశ్రమానికే నా మొగ్గు, అదీ గడువు నిజంగా తరుముతున్నప్పుడు, లేదా ఒకే ఒక్క గదిని బాగుచేయించుకుంటున్నప్పుడు. ఇల్లంతటికీ వాడడం చాలావరకు అనవసరపు ఖర్చు.

పొడి పలకలు, అంటే జిప్సం పీచు పలకలు, చెక్క దూలాల పై అంతస్తులకూ, తడి పని కుదరని పాత ఇళ్లకూ మంచివి. తేలిక, ఆరాల్సిన పని లేదు, త్వరగా వేడెక్కుతాయి. వేడిని పక్కలకు పంచే శక్తి మాత్రం తక్కువ, అందుకే వాటి కింద అల్యూమినియం రేకులు పరుస్తారు. వేడి మీద పోసే మాస్టిక్ ఆస్ఫాల్ట్‌ను ఎవరైనా సూచిస్తే, అది 200 డిగ్రీలకు పైగా వేడితో వస్తుందనీ ప్లాస్టిక్ పైపులు కరిగిపోతాయనీ గుర్తుచేయండి.

ఏది ఎంచుకున్నా వేడికి నేల వ్యాకోచిస్తుంది. సిమెంట్ స్క్రీడ్ మీటరుకు, డిగ్రీకి సుమారు 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 8 మీటర్ల పొడవు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 మిల్లీమీటర్లు. గోడల వెంట నురుగు పట్టీ వేయడం, అది కనీసం 5 మిల్లీమీటర్ల కదలికకు చోటివ్వడం ఇందుకే. టైల్స్ లేదా రాయి పరిచే సిమెంట్ స్క్రీడ్‌ను 40 చదరపు మీటర్లకు మించకుండా, ఏ పక్కా 8 మీటర్లు దాటకుండా విడగొట్టాలి. ద్వారాల దగ్గర, వేర్వేరు థర్మోస్టాట్‌లున్న భాగాల మధ్య కదలిక కీలు, అంటే కదలికకు చోటిచ్చే సందు, వదలాలి. ఆ కీలును దాటే పైపుకు తొడుగు ఉండాలి. అన్‌హైడ్రైట్‌కు కీళ్లే అక్కర్లేదని చెప్పేవారున్నారు. గట్టిపడేటప్పుడు పెద్దగా కుంచించుకుపోదన్నది నిజం, వేడికి పెరగదన్నది మాత్రం నిజం కాదు.

మొదటిసారి వేడి పెట్టడంలోనే మంచి స్క్రీడ్‌లు కూడా పాడవుతాయి. ఈఎన్ 1264 ప్రకారం సిమెంట్ స్క్రీడ్‌కు 21 రోజులు, అన్‌హైడ్రైట్‌కు 7 రోజులు గడవకముందు వేడినీరు వదలకూడదు. వదిలినప్పుడు కూడా మొదటి 3 రోజులు నీటి ఉష్ణోగ్రత 20 నుంచి 25 డిగ్రీలే ఉంచి, తర్వాత డిజైన్‌లో నిర్ణయించిన గరిష్ఠ స్థాయికి తెచ్చి కనీసం 4 రోజులు ఉంచాలి. పైపు దగ్గర స్క్రీడ్ 55 డిగ్రీలు దాటకూడదు. ఈ వారం రోజుల వేడి, వ్యవస్థ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పరీక్షే గానీ స్క్రీడ్ ఆరిందనడానికి రుజువు కాదు. చాలామంది రెండింటినీ ఒకటే అనుకుని మర్నాడే టైల్స్ పని మొదలుపెట్టిస్తారు.

ఆరిందో లేదో తేల్చేది చెమ్మ పరీక్ష మాత్రమే. స్క్రీడ్ లోతు నుంచి నమూనా తవ్వి, పొడి చేసి, కాల్షియం కార్బైడ్‌తో కలిపి బిగించిన సీసాలో ఆడిస్తే పుట్టే ఎసిటిలీన్ వాయువు ఒత్తిడిని బట్టి నీటి శాతం తెలుస్తుంది. హీటింగ్ ఉన్న నేలలకు జర్మన్ ఆచారంలో చాలాకాలంగా పాటించిన హద్దులు సిమెంట్ స్క్రీడ్‌కు 1.8 శాతం, అన్‌హైడ్రైట్‌కు 0.3 శాతం. ఉపరితలం మీద పెట్టి చూసే ఎలక్ట్రానిక్ పరికరం ఏ మూల ఎక్కువ తడిగా ఉందో చెప్పడానికి పనికొస్తుంది తప్ప, ఈ హద్దులతో పోల్చడానికి కాదు. నమూనా తవ్వే చోట్లను పైపులు పరిచేటప్పుడే నిర్ణయించి, ఆ చుట్టూ పైపు రాకుండా చూసి, చిన్న జెండా కర్రలు గానీ గుర్తు పుల్లలు గానీ నిలబెట్టి, ఫొటో తీసి ఉంచాలి. ఒప్పందంలో స్క్రీడ్ తరగతి, పైపు మీద మందం, పాలు గీకే బాధ్యత, మొదటి వేడి నమోదు పత్రం, చెమ్మ పరీక్ష ఫలితం ఎవరి సంతకంతో వస్తాయో రాసి ఉందా అని చూసుకున్నాకే డబ్బు బయానా ఇవ్వాలి. ఈఎన్ 13813 కింద సంచి మీదో పత్రం మీదో ఉండే సీటీ-సీ25-ఎఫ్4 వంటి గుర్తులో మొదటిది సిమెంట్ ఆధారితమనీ, రెండోది పీడన బలమనీ, మూడోది వంపు బలమనీ తెలిసి ఉంటే, అడిగినదీ వచ్చినదీ ఒకటేనో కాదో పోయకముందే పోల్చి చూసుకోవచ్చు.